జమాఖర్చుల పుస్తకం

లెక్క వ్రాయడం వేరు. వ్రాసిన లెక్కను చూడడం వేరు. ఈ రెండింటి నడుమ ఎంత దూరం ఉన్నదో నాకు మా నాన్నగారి వల్ల తెలిసింది. ఆ తరువాత చాలా కాలానికి, భూమిని గురించి చదువుతున్నప్పుడు అదే సంగతి మరొకసారి తెలిసివచ్చింది. ఒక చిన్న ఊరి కిరాణా కొట్టుకూ, ఈ భూగోళానికీ పోలిక ఏమిటని పాఠకులకు అనిపించవచ్చు. నాకు తెలిసినంతలో ఆ పోలికను వివరించడానికే ఈ నాలుగు మాటలు.

మాది కోనసీమలో ముమ్మిడివరానికి సమీపాన ఒక చిన్న గ్రామం. నాన్నగారు అక్కడ కిరాణా కొట్టు నడిపేవారు. రాత్రి కొట్టు తలుపులు మూసిన తరువాత దీపం ముందు కూర్చుని, ఆనాటి అమ్మకాలను చిట్టాలో వ్రాసి, ఆ పైన ఎవరి ఖాతాలోకి వారి పద్దును ఎక్కించేవారు. జ్వరం వచ్చిన నాడు సైతం ఆ పని మానలేదు. “ఒక్క రోజు పద్దు తప్పిపోతే తక్కిన రోజుల పద్దులను కూడా నమ్మడానికి వీలుండదు” అనేవారు. ఆ పుస్తకం పగలంతా కొట్టు అరుగు మీదనే ఉండేది. ఎవరైనా వచ్చి తమ ఖాతా చూసుకోవచ్చు. దానికి దాపరికం లేదు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన పెనుతుపాను మా ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. ఎందరో ప్రాణాలు కోల్పోయారు. తరతరాలుగా మమ్మల్ని పోషించిన కొబ్బరితోటలు తెల్లవారేసరికి నేల మీద పడి ఉన్నాయి. వరి ఒక్క పంట పోతే మరుసటి ఏడు మళ్ళీ పండించుకోవచ్చు. కొబ్బరి అటువంటిది కాదు. మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళన్నీ ఊరంతా అరువు మీద బ్రతికింది. నాన్నగారు ఎవరినీ కాదనలేదు. ధర పెంచలేదు. తూకం తగ్గించలేదు. అందుచేత ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు. కొట్టు ఎప్పటివలెనే ఉన్నదని అందరూ అనుకున్నారు. వేరే ఊరిలో ఉద్యోగం చేసుకుంటున్న నేను కూడా అలాగే అనుకున్నాను.

2002 వేసవిలో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కొట్టు మూతపడింది. టోకు వర్తకుల మనుషులు ఒకరి వెంట ఒకరు బాకీల కోసం రాసాగారు. ఆ రాత్రి నేను మొదటిసారిగా ఆ పుస్తకాన్ని ఆసాంతం చదివాను. ఊరివారి బాకీల ప్రక్కన, పుట అంచున, చిన్న అక్షరాలతో “స్వంతం” అన్న మాట కనిపించింది. మొదట అర్థం కాలేదు. పుటలు తిప్పినకొద్దీ తెలిసింది. ప్రతినెలా వసూలు కాని మొత్తంలో దాదాపు సగాన్ని ఆయన తన మీదనే వేసుకుని, పొలం అమ్మిన డబ్బుతోనూ, అమ్మ మెడలోని నానుతాడు కుదువపెట్టిన డబ్బుతోనూ సరుకు తెచ్చారు. ఊరికి కనిపించినది మిగిలిన సగం బాకీ మాత్రమే.

సంగతి తెలిసి ఊరివారు మా ఇంటికి వచ్చారు. వారిలో ఒక పెద్ద రైతు కన్నీళ్ళు పెట్టుకుని, “ఒక్క మాట చెప్పి ఉంటే మేము కాస్త చూసుకుని ఖర్చు పెట్టుకునేవాళ్ళం గదా, షావుకారుగారూ!” అన్నాడు. నాన్నగారికి అప్పటికి మాట సరిగా రావడం లేదు. కూడబలుక్కుని ఇలా అన్నారు: “పుస్తకం అరుగు మీదనే ఉంది గదయ్యా. ఎవరు తిరగేశారు?”

ఇరవై రెండు సంవత్సరాల తరువాత, 2024 నవంబరులో, ఒక తరగతి గదిలో ఆ మాట నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది.

నేను జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తాను. ఆ రోజు పాఠం కర్బన వలయం. నల్లబల్ల మీద చెట్టు, పశువు, సముద్రం, కర్మాగారం బొమ్మలు వేసి, బాణాలు గీశాను. రెండవ వరుసలో కూర్చున్న ఒక విద్యార్థిని లేచి, “సార్, ఈ బొమ్మలో పైకి వెళ్ళే బాణాలూ, క్రిందికి వచ్చే బాణాలూ సరిసమానంగానే ఉన్నాయి. అలాంటప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎందుకు పెరుగుతున్నది? మనం వదిలినదంతా గాలిలోనే ఉండిపోతుందా?” అని అడిగింది. ముప్పై ఏళ్ళుగా అదే బొమ్మ గీస్తున్నాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను నేను ఎన్నడూ వేసుకోలేదు. “రేపు చెబుతానమ్మా” అన్నాను. ఆ రేపటి కోసం రాత్రంతా చదివాను. నిజానికి ఆ చదువు నేటికీ ముగియలేదు.

నా బాల్యంలో పాఠ్యపుస్తకాలు ఈ కార్బన్ డయాక్సైడ్‌ను బొగ్గుపులుసు వాయువు అని పిలిచేవి. ఎంత చక్కని పేరు! బొగ్గు నుంచి పుట్టినది, నీటిలో కలిస్తే పులుపునిచ్చేది. దాని చరిత్ర అంతా ఆ పేరులోనే ఉన్నది. 1856లో అమెరికాకు చెందిన యూనిస్ ఫుట్ అనే మహిళ గాజు గొట్టాలలో వేర్వేరు వాయువులను నింపి ఎండలో ఉంచింది. బొగ్గుపులుసు వాయువు నింపిన గొట్టం తక్కినవాటికంటె ఎక్కువగా వేడెక్కింది. నీడలోకి తెచ్చిన తరువాత కూడా చాలాసేపు చల్లారలేదు. గాలిలో ఈ వాయువు ఎక్కువైతే భూమి వేడెక్కుతుందని ఆమె అప్పుడే ఊహించింది. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త ఆరీనియస్ ఆ వేడిమి ఎంత ఉంటుందో కాగితం మీద లెక్కకట్టాడు.

కర్బనం ఒకచోట నిలిచేది కాదు. నేడు మన ఊపిరిలో వెలువడినది రేపు వరిచేలో ఆకు చేరవచ్చు. ఆకు గింజ అవుతుంది. గింజ అన్నం అవుతుంది. అన్నం మళ్ళీ ఊపిరి అవుతుంది. కిరణజన్య సంయోగక్రియ ద్వారా గాలి నుంచి నేలకూ, శ్వాస ద్వారా, క్రుళ్ళడం ద్వారా నేల నుంచి గాలికీ ఏటా పదివేల కోట్ల టన్నులకు పైగా కర్బనం రాకపోకలు సాగిస్తున్నది. సముద్రానికీ గాలికీ మధ్య కూడా ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడమే ఉన్నది. ఇది ఒకే ఊరిలో చేతులు మారే డబ్బు వంటిది. ఎంత తిరిగినా మొత్తం మారదు. నేను గీసిన బాణాలు ఈ వ్యవహారానికి సంబంధించినవి. అంతవరకు అవి తప్పు కావు.

ఆ బొమ్మలో లేనిది మరొకటి ఉన్నది. సింగరేణి గనులలో మనం త్రవ్వుకునే బొగ్గు ఒకప్పుడు అడవి. పాతిక కోట్ల సంవత్సరాలకు పూర్వం బురదలో కూరుకుపోయి, ఈ రాకపోకలనుంచి తప్పుకుని, భూగర్భంలో మూటకట్టి దాచిన ధనంలా ఉండిపోయింది. పెట్రోలియం కూడా అటువంటి నిక్షేపమే. దానిని వెలికితీసి కాల్చినప్పుడు వ్యవహారంలోకి కొత్త కర్బనం వచ్చి చేరుతుంది. దానికి తిరుగు బాణం లేదు. ఉన్నా, అది లక్షల సంవత్సరాలు నడిచే బాణం.

ఇది ఊహ కాదని నిరూపించడానికి ఎవరో ఒకరు రోజూ పద్దు వ్రాయవలసి వచ్చింది. ఆ పనికి పూనుకున్నవాడు చార్లెస్ డేవిడ్ కీలింగ్. అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా 1958 మార్చిలో, హవాయి దీవులలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద, సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఆయన పరికరం పని ప్రారంభించింది. చుట్టూ మహాసముద్రం. నగరాల పొగ సోకని చోటు. అప్పుడు గాలిలోని ప్రతి పది లక్షల భాగాలలో ఈ వాయువు సుమారు 313 భాగాలు ఉన్నది.

మొదటి రెండేళ్ళలోనే కీలింగ్‌కు ఒక వింత కనిపించింది. ఆ అంకె మే నెల వరకు పెరుగుతూ, సెప్టెంబరు చివరకు తగ్గుతూ, మళ్ళీ పెరుగుతూ ఉన్నది. ఉత్తరార్ధ గోళంలోని అడవులు వేసవిలో చిగిర్చి గాలిలోని కర్బనాన్ని తీసుకుంటాయి. శీతకాలంలో ఆకులు రాలి క్రుళ్ళి దానిని తిరిగి ఇస్తాయి. భూమి యావత్తూ ఏడాదికొకసారి ఊపిరి పీల్చి విడుస్తున్నదన్నమాట! అయితే ప్రతి ఏటా ఆ ఊపిరి అంతకుముందటి ఏటికంటె కొంచెం ఎత్తున ముగుస్తున్నది.

1964లో నిధుల కొరత వల్ల కొన్ని నెలలపాటు ఆ కొలతలు నిలిచిపోయాయి. నేటికీ ఆ రేఖాచిత్రంలో ఆ ఖాళీ అలాగే ఉన్నది. పద్దు తప్పకూడదన్న నాన్నగారి మాట నాకు అక్కడ స్ఫురించింది. కీలింగ్ పట్టు విడువలేదు. 2005లో మరణించేవరకు ఆ పని కొనసాగించాడు. అనంతరం ఆయన కుమారుడు రాల్ఫ్ కీలింగ్ ఆ బాధ్యతను స్వీకరించాడు. 2022 నవంబరులో అగ్నిపర్వతం ప్రేలి, లావా ప్రవాహం కేంద్రానికి వెళ్ళే దారినీ, విద్యుత్తునూ తెంచివేసినప్పుడు, పొరుగున ఉన్న మౌనా కియా శిఖరం నుంచి కొలిచారు కాని పద్దు మానలేదు. 2024లో ఆ అంకె సగటున 424 దాటింది.

ఈ పెరుగుదల ప్రకృతికి మామూలే కాదా అన్న సందేహం కొందరికి కలుగుతుంది. దానికి సమాధానం అంటార్కిటికా మంచులో ఉన్నది. ఏటేటా పడిన మంచు గట్టిపడేటప్పుడు ఆనాటి గాలి బుడగలు అందులో చిక్కుకుంటాయి. డోమ్ సి అనే చోట మూడు కిలోమీటర్లకు పైగా త్రవ్వి తీసిన మంచు కడ్డీలలో ఎనిమిది లక్షల సంవత్సరాల గాలి దొరికింది. ఆ సుదీర్ఘ కాలమంతటిలో ఈ వాయువు సుమారు 170 నుంచి 300 భాగాల మధ్యనే ఊగింది. పారిశ్రామిక విప్లవానికి ముందు అది దాదాపు 280. నేడు చూస్తున్న అంకె ఆ పాత పుటలలో ఎక్కడా లేదు.

ఇక మా విద్యార్థిని వేసిన రెండవ ప్రశ్న. మనం వదిలినదంతా గాలిలోనే ఉండిపోతుందా? ఉండదు. అక్కడే నా ఒళ్ళు జలదరించింది.

1950లకు ముందు, మనం వదిలే బొగ్గుపులుసు వాయువునంతా సముద్రం మ్రింగివేస్తుందనీ, విచారించవలసిన పని లేదనీ చాలామంది శాస్త్రజ్ఞుల భావన. 1957లో రోజర్ రెవెల్, హాన్స్ స్యూస్ అనే ఇద్దరు ఆ ధీమాను ప్రశ్నించారు. సముద్రజలంలోని రసాయన ధర్మం కారణంగా, అది అనుకున్నంత సులువుగా ఈ వాయువును స్వీకరించలేదని చూపించారు. సముద్రం ఎంత తీసుకుంటున్నది, నేల ఎంత తీసుకుంటున్నది, గాలిలో ఎంత మిగులుతున్నది అన్న ప్రశ్న ఆనాటి నుంచి ఒక మహాపరిశోధనగా మారింది.

ఇది ఒక్క దేశం చేయగల లెక్క కాదు. గాలికి సరిహద్దులు లేవు. అందుకే 2001లో వివిధ దేశాల శాస్త్రజ్ఞులు కలిసి గ్లోబల్ కార్బన్ ప్రాజెక్టు అనే సంస్థను ఏర్పరచుకున్నారు. నౌకలు సముద్రజలాన్ని కొలుస్తాయి. అడవులలో నిలిపిన గోపురాల మీది పరికరాలు చెట్ల శ్వాసను కొలుస్తాయి. ఉపగ్రహాలు ఆకాశం నుంచి చూస్తాయి. మన దేశంలో గోవా తీరాన కేప్ రామా వద్ద 1993 నుంచి గాలిని సీసాలలో పట్టి, పరీక్ష కోసం ఆస్ట్రేలియా ప్రయోగశాలకు పంపారు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం వారు షాద్‌నగర్‌లో ఈ వాయువును కొలిచారు. ఇటువంటి వేలాది కొలతలను ఒకచోట చేర్చి ఏటా ఒక జమాఖర్చు పట్టికను ప్రకటిస్తారు.

2024లో వెలువడిన పట్టిక ప్రకారం, 2014 నుంచి 2023 వరకు మానవుడు ఏటా సగటున సుమారు 1,080 కోట్ల టన్నుల కర్బనాన్ని గాలిలోకి వదిలాడు. అందులో 970 కోట్లు బొగ్గు, పెట్రోలియం, సహజవాయువు, సిమెంటు వల్ల. మిగిలినది అడవుల నరికివేత వంటి భూవినియోగ మార్పుల వల్ల. గాలిలో మిగిలినది సుమారు 520 కోట్లు. సముద్రం తీసుకున్నది సుమారు 290 కోట్లు. నేల మీది చెట్టుచేమలు, మట్టి తీసుకున్నది సుమారు 320 కోట్లు. ఈ అంకెలను కూడితే కొద్దిపాటి తేడా వస్తుంది. శాస్త్రజ్ఞులు ఆ తేడాను దాచరు. ఏటా దానిని కూడా పట్టికలోనే చూపుతారు. లెక్క వ్రాసేవాడి నిజాయితీ అక్కడే తెలుస్తుంది.

అంటే మనం వదిలినదానిలో సుమారు సగం మాత్రమే గాలిలో మిగిలింది. తక్కిన సగాన్ని సముద్రమూ, అడవులూ తమ మీద వేసుకున్నాయి. మనం ఇప్పటివరకు చూసిన వేడిమి, కరవులు, కుండపోత వానలు ఆ కనిపించిన సగం బాకీ ఫలితమే. ఈ అంకెలు చదువుతున్నప్పుడు నా కళ్ళ ఎదుట నిలిచినవి ఆ పట్టికలోని గడులు కావు. పుట అంచున చిన్న అక్షరాలతో వ్రాసిన “స్వంతం” అన్న మాట.

మోసేవారి బలం ఎంతకాలం ఉంటుంది? కర్బన వలయంలోని బలహీన స్థానాలు ఎక్కడ ఉన్నాయి? అంతర్జాతీయ పరిశోధన నేడు ప్రధానంగా దృష్టి నిలిపిన ప్రశ్న ఇది.

ముందుగా సముద్రం. బొగ్గుపులుసు వాయువు నీటిలో కలిస్తే ఆమ్లం ఏర్పడుతుందని ప్రతి రసాయనశాస్త్ర విద్యార్థికీ తెలుసు. పారిశ్రామిక యుగారంభం నుంచి సముద్ర ఉపరితల జలం యొక్క పి.హెచ్. విలువ సుమారు 8.2 నుంచి 8.1కి తగ్గింది. చిన్న మార్పు వలె కనిపించినా, ఆమ్లత్వం దాదాపు 30 శాతం పెరిగిందని దాని అర్థం. పగడాలు, గవ్వల జీవులు తమ గూళ్ళు కట్టుకోవడం దీనివల్ల కష్టమవుతుంది. పైగా వేడెక్కిన నీరు వాయువును తక్కువగా ఇముడ్చుకుంటుంది. మూత తీసిన సోడా ఎండలో త్వరగా చప్పబడడం మనం చూసినదే.

తరువాత అడవులు. అమెజాన్ అడవిని ప్రపంచానికి పెద్ద ఆసరాగా భావిస్తూ వచ్చాము. 2010 నుంచి 2018 వరకు విమానాలలో ఎగిరి ఆ అడవి పైనున్న గాలిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు, దాని ఆగ్నేయ భాగం తీసుకునే కర్బనం కంటె విడిచే కర్బనమే ఎక్కువగా ఉన్నదని 2021లో ప్రకటించారు. నరికివేత, కార్చిచ్చు, పెరిగిన వేడి అందుకు కారణాలు. అప్పు ఇచ్చే చేయి అప్పు అడిగే చేయిగా మారిందన్నమాట!

మూడవది పీట్ నేలలు. నీరు నిలిచిన చోట చెట్టుచేమలు పూర్తిగా క్రుళ్ళక వేల సంవత్సరాలపాటు పొరలు పొరలుగా పేరుకుంటే పీట్ ఏర్పడుతుంది. మా ఊరిలో కొబ్బరిచెట్లు కూలిన 1996లోనే, ఇండొనేషియాలోని మధ్య కాలిమంతాన్‌లో సుమారు పది లక్షల హెక్టార్ల పీట్ నేలలను వరిపొలాలుగా మార్చాలని తలపెట్టి, వేల కిలోమీటర్ల కాలువలు త్రవ్వి నీటిని తోడివేశారు. మరుసటి ఏడు ఎల్ నినో ప్రభావంతో తీవ్రమైన కరవు వచ్చింది. ఎండిన నేలే అంటుకుని నెలల తరబడి కాలింది. ఆ పొగ సింగపూరు, మలేషియాలను కప్పివేసింది. 1997లో ఇండొనేషియా అడవుల, పీట్ నేలల మంటల వల్ల 81 కోట్ల నుంచి 257 కోట్ల టన్నుల కర్బనం వెలువడి ఉంటుందని 2002లో శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. ప్రపంచమంతా ఆ ఏడాది కాల్చిన బొగ్గు, చమురుల నుంచి వచ్చినదానిలో అది 13 నుంచి 40 శాతం. వేల ఏళ్ళ పొదుపు ఒక్క ఏడాదిలో ఖర్చయింది. ఆశించిన వరి కూడా పండలేదు.

నాలుగవది ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేల. సైబీరియా, అలాస్కా, కెనడాలలోని ఆ నేలలో సుమారు లక్షన్నర కోట్ల టన్నుల కర్బనం ఉన్నదని అంచనా. ఇప్పుడు గాలిలో ఉన్నదానికి అది ఒకటిన్నర రెట్లకు మించినది. ఆ నేల కరిగితే అందులోని మృత వృక్షశేషాలను సూక్ష్మజీవులు కుళ్ళబెడతాయి. వెలువడిన వాయువు భూమిని మరింత వేడెక్కిస్తుంది. ఆ వేడి మరింత నేలను కరిగిస్తుంది. ఇది వడ్డీకి వడ్డీ పెరిగే బాకీ.

2023 నుంచి 2024కు గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఒక్క ఏడాదిలో 3.5 భాగాలు పెరిగిందని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. ఆధునిక కొలతలు మొదలైన నాటి నుంచి అంతటి పెరుగుదల ఎన్నడూ లేదు. మనం కాల్చినది కొద్దిగానే పెరిగినా, కరవు, వేడిమి, కార్చిచ్చుల కారణంగా నేల, సముద్రం తీసుకున్నది తగ్గడం అందుకు ఒక ముఖ్య కారణంగా వారు పేర్కొన్నారు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ప్రకృతిని తల్లి అని పిలవడం మన సంప్రదాయం. అది అందమైన భావన. కాని సముద్రం మన మీద జాలితో ఈ భారాన్ని మోయడం లేదు. గాలిలో ఒత్తిడి పెరిగితే నీటిలోకి వాయువు దిగుతుంది. అది రసాయన సూత్రం. మా నాన్నగారికి దయ ఉన్నది. ఆయన కష్టపడి అయినా మరొక నెల మోయగలిగేవారు. రసాయన సూత్రానికి దయ లేదు, మొగమాటమూ లేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగిపోతుంది. అందువల్ల మరింత జాగ్రత్త అవసరం.

అందరి బాకీ సమానం కాదన్న మాట కూడా లెక్కలోనిదే. మా ఊరిలో పేదలు ఉప్పు, కిరోసిన్ అరువు తెచ్చుకున్నారు. పెద్ద ఇళ్ళవారు పెళ్ళి సరుకులు అరువు తెచ్చుకున్నారు. పారిశ్రామిక యుగం మొదలైన నాటి నుంచి ఇంధనాలను కాల్చడం వల్ల వెలువడిన వాయువులో సుమారు నాలుగవ వంతు అమెరికా ఒక్కదానిదే. నేటికీ మన దేశంలో తలసరి వాటా ప్రపంచ సగటులో సగం కూడా లేదు. అయితే మొత్తం మీద చూస్తే ఏటా అధికంగా విడిచే దేశాలలో మనది మూడవ స్థానం. కనుక ధనిక దేశాలు ముందుగా, ఎక్కువగా తగ్గించుకోవాలనడం న్యాయం. మన పద్దును మనం చూసుకోవడం వివేకం. ఒకటి చెప్పి రెండవది విడిచిపెట్టకూడదు.

మరునాడు తరగతిలో అప్పటికి తెలిసిన సంగతులన్నీ చెప్పాను. నాన్నగారి పుస్తకాన్ని కూడా వెంట తీసుకువెళ్ళాను. ప్రశ్న వేసిన విద్యార్థిని ఆ పుటలను చాలాసేపు చూసి, “తరువాత ఏమైంది సార్? బాకీ తీరిందా?” అని అడిగింది.

ఏమైందో చెప్పాను. ఊరివారు మొదట చేసినది బాకీ కట్టడం కాదు. కొత్త అరువు ఆపడం. నగదు ఉంటేనే కొనేవారు. లేకుంటే లేనట్టే గడుపుకునేవారు. ఆ తరువాత కొబ్బరి కాపుకు వచ్చినకొద్దీ కొంచెం కొంచెం తీర్చారు. రెండేళ్ళకు కొట్టు చిన్నగా మళ్ళీ తెరుచుకున్నది. అమ్మ నానుతాడు మాత్రం తిరిగి రాలేదు. పొలమూ రాలేదు. నాన్నగారి కుడిచేయి మునుపటివలె వ్రాయలేకపోయింది. ఆయన చెబుతూ ఉంటే అమ్మ పద్దు వ్రాసేది. భూమి లెక్క కూడా అంతే. మనం కాల్చడం ఆపినా, ఇప్పటికే వదిలినదానిలో కొంత భాగం వేల సంవత్సరాలు గాలిలో ఉంటుంది. పోయినది కొంత తిరిగి రాదు. కాని కొత్త అరువు ఎంత త్వరగా ఆపితే, పోయేది అంత తగ్గుతుంది.

కొన్ని వారాల తరువాత విద్యార్థులను కాకినాడ సమీపంలోని కోరింగ మడ అడవులకు తీసుకువెళ్ళాను. చెక్క వంతెన మీద నిలబడి చూస్తే, పోటు తీసిన వేళ నల్లని బురదలో నుంచి మడచెట్ల శ్వాసవేళ్ళు వేలాదిగా పైకి పొడుచుకుని కనిపించాయి. ఆ బురదలో గాలి చొరబడదు. అందుచేత రాలిన ఆకులు, వేళ్ళు త్వరగా క్రుళ్ళవు. వాటిలోని కర్బనం వందల ఏళ్ళు అక్కడే దాగి ఉంటుంది. తుపాను అలల ఉరవడిని తగ్గించేవి కూడా ఆ చెట్లే. చెట్టును నరికి బురదను తవ్వితే ఒకేసారి రెండు ఆసరాలు పోతాయి. ఆ బురద వాసనకు మొదట ముక్కు మూసుకున్న విద్యార్థులు, ఈ మాట విన్న తరువాత వంగి దానిని శ్రద్ధగా చూశారు.

తిరుగు ప్రయాణంలో ఆ విద్యార్థిని తన నోటు పుస్తకం నాకు చూపింది. కర్బన వలయం బొమ్మను తిరిగి గీసింది. భూగర్భం నుంచి బయలుదేరి తిరిగి రాని బాణం ఒకటి అందులో ఉన్నది. అడవికీ, సముద్రానికీ వెళ్ళే బాణాల ప్రక్కన, చిన్న అక్షరాలతో “స్వంతం” అని వ్రాసి ఉన్నది.

అప్పటి నుంచి నేను కూడా ఆ బొమ్మనే గీస్తున్నాను. మోసేవారు నోరు తెరచి చెప్పరు. చెప్పే నాటికి వారిలో శక్తి ఉండదు. అందుకే ఎక్కడో ఒక కొండ మీద, ఒక నౌక మీద, ఒక అడవి గోపురం మీద కొందరు తెల్లవారుజామున లేచి రోజూ పద్దు వ్రాస్తున్నారు. ఆ పుస్తకానికి దాపరికం లేదు. అది అరుగు మీదనే ఉన్నది. తిరగేసి చూడవలసినవాళ్ళం మనమే.